పొదుగు మీదున్న పెట్టను ఊరు మార్చాలంటే

ప్రశ్న: మేము ఉప్పల్‌లో అద్దెకుంటున్నాం. పెరట్లో రెండు నాటుకోడి పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. ఒక పెట్ట మెట్ల కింద పాత గంపలో పొదుగుకు కూర్చుని ఈరోజుకు ఆరు రోజులు. కింద 13 గుడ్లున్నాయి. రెండో పెట్ట కూడా అందులోకే దూరి గుడ్డు పెట్టి వస్తోంది, అందుకని ఏవి ఎప్పటివో తెలియడం లేదు. మార్చి నెలాఖరుకి, అంటే పొదుగు పదకొండో రోజుకి, మేము అపార్ట్‌మెంట్‌లోకి మారాలి. సూర్యాపేట దగ్గర పల్లెలో ఉన్న మా మేనమామ కోళ్ళన్నిటినీ పంపించెయ్యమన్నారు. కారులో మూడు గంటల దారి. కోడి పొదుగు మానేస్తుందా? గుడ్లు మురిగిపోతాయా? నీళ్ళలో ముంచి పొదుగు మాన్పించి తీసుకెళ్ళమని పక్కింటి పెద్దమ్మ అంటోంది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: ముందుగా, నీళ్ళలో మాత్రం ముంచకండి. పొదుగు బుద్ధి పుట్టేది ఒంట్లో ఊరే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ వల్ల, ముంచినంతలో అది దిగిపోదు. కోడి బెదిరిపోతుంది, తడిసిన ఈకలతో వణుకుతుంది, రెండు గంటల తర్వాత మళ్ళీ అదే గంపలోకి వెళ్ళి కూర్చుంటుంది. పైగా మీ గుడ్లలో ఈపాటికే గుండె కొట్టుకుంటున్న పిల్లలున్నాయి. పొదుగు మాన్పించాల్సిన అవసరమే లేదు.

ఇంటి ఓనరును ఇంకో 12 రోజులు అడిగి చూశారా? సామాను వెళ్ళిపోయినా మెట్ల కింద గంప ఒక్కటీ ఉండనిస్తే, రోజుకొకసారి ఎవరైనా వచ్చి గింజలు, నీళ్ళు పెట్టి వెళితే, 21వ రోజుకి పిల్లలొస్తాయి. 23వ రోజు తల్లినీ పిల్లల్నీ ఒకే అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్ళొచ్చు. పిల్లల తల్లి ఎక్కడ దింపినా పిల్లల్ని వదలదు. ఇంతకంటే తేలికైన దారి లేదు కాబట్టి, అడగడానికి మొహమాటపడకండి.

ఓనరు కుదరదంటే పదకొండో రోజున మార్చొచ్చు. గుడ్లకు కుదుపు బాగా చేటు చేసేది మొదటి వారంలోనూ, చివరి మూడు రోజుల్లోనూ. మధ్యలో జాగ్రత్తగా తీసుకెళితే తట్టుకుంటాయి. బయల్దేరే ముందు రెండు సంగతులు మాత్రం మనసులో పెట్టుకోండి. పొదుగుడు కోడికి మమకారం గుడ్ల మీద కంటే కూర్చున్న చోటు మీద ఎక్కువ. అవే గుడ్లను పది అడుగుల దూరంలో కొత్త గంపలో పెట్టినా పగటిపూట అది పాత చోటికే పోయి ఖాళీ నేల మీద కూర్చుంటుంది. రెండోది, చాలామంది గుడ్డు చల్లబడుతుందనే కంగారు పడతారు గానీ, గుడ్డును చంపేది ఎక్కువగా వేడి. కోడి కింద గుడ్డు 37.5 నుంచి 38 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది రెండు మూడు గంటలు 28 డిగ్రీలకు దిగినా లోపల పెరుగుదల నెమ్మదిస్తుందే తప్ప పిల్ల సాధారణంగా చావదు. అదే గుడ్డు 40 దాటి కాసేపుంటే మళ్ళీ కోలుకోదు. మార్చి ఎండలో అద్దాలు మూసి ఆపిన కారు ఆ పని పావుగంటలో చేసేస్తుంది. అందుకే ప్రయాణం పొద్దుగూకాకే.

మారే లోపు చెయ్యాల్సిన పని గుడ్లను ఏరడం. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో రాత్రి, గది చీకటి చేసి, గుడ్డు లావు చివరను సెల్‌ఫోన్ టార్చికి ఆనించి చూడండి. బతికున్న గుడ్డులో ఒక నల్లని చుక్క, దాని చుట్టూ సాలెపురుగు కాళ్ళలా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. కాసేపు కదపకుండా చూస్తే ఆ చుక్క ఉలిక్కిపడ్డట్టు కదులుతుంది. గుడ్డంతా పసుపుపచ్చగా వెలిగిందంటే అది పుంజు కలవని గుడ్డన్నా కావాలి, రెండో పెట్ట నిన్నో మొన్నో పెట్టి పోయిందన్నా కావాలి. లోపల ఎర్రటి ఉంగరంలా గీత కనిపిస్తే మొదట్లోనే పిల్ల చనిపోయినట్టు. వెలిగిన గుడ్లు, ఉంగరం గుడ్లు, నరాలు ఇంకా సన్నగా అప్పుడే మొదలవుతున్న గుడ్లు తీసెయ్యండి. చివరివాటిని తియ్యడం మనసుకు కష్టమే. కానీ నాలుగు రోజులు వెనకబడ్డ గుడ్డు కోసం తల్లి ఆగదు. మొదటి పిల్లలు నడవడం మొదలుపెట్టగానే లేచిపోతుంది, మిగిలినవి సగం తయారై పెంకులోనే చనిపోతాయి. దగ్గర్లో ఎవరికైనా ఇంక్యుబేటర్ ఉంటే వాటిని అక్కడికి ఇవ్వండి. వారం రోజులు కోడి కింద ఉన్న గుడ్డు వెలిగినా వంటకు మాత్రం వాడకండి.

ఉంచినవాటి మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. స్కెచ్ పెన్ సిరా పెంకు రంధ్రాల్లోంచి లోపలికి దిగుతుంది, అది వద్దు. మురికిగా ఉన్నాయని కడగొద్దు, తడిగుడ్డతో తుడవొద్దు. పెంకు మీద సహజంగా ఉండే పూత పోతే క్రిములు లోపలికి వెళతాయి. ఆ రోజు నుంచి గీత లేని గుడ్డు గంపలో కనబడితే అది రెండో పెట్టది, తీసెయ్యండి. కిలోన్నర తూగే నాటుపెట్ట 10 గుడ్లను బాగా కప్పగలదు, మహా అయితే 12. మీరు చెప్పిన 13లో కొన్ని ఎప్పుడూ అంచున చల్లగానే ఉండి ఉంటాయి. కోడి గుడ్లను ముక్కుతో తిప్పుతూ లోపలివి బయటికి, బయటివి లోపలికి మారుస్తుంది కాబట్టి, నాలుగు గుడ్లు ఎక్కువైతే ఆ నాలుగే కాదు, వంతులవారీగా అన్నీ చల్లబడతాయి.

అదే రాత్రి కోడి రెట్ట వేసే చోటు చుట్టూ ఉన్న ఈకలు విడదీసి చూడండి. ఈకల మొదట్లో తెల్లగా ముద్దలా అంటుకుని ఉంటే అవి పేల గుడ్లు. కోడి పదో రోజు తర్వాత గుడ్లు వదిలి లేచిపోయిందంటే పేలో, రాత్రి పూట రక్తం తాగే ఎర్ర పురుగులో కారణం కావడం చాలా మామూలు. కొత్త చోటికి పాత గంప పట్టుకుపోతే వాటినీ పట్టుకుపోయినట్టే. పేలు లేకపోతే మాత్రం పాత గడ్డి రెండు గుప్పిళ్ళు వెంట తీసుకెళ్ళండి. ఉంటే గడ్డి అంతా తగలబెట్టి, బూడిద కలిపిన మెత్తటి మట్టిని వెడల్పాటి బేసిన్‌లో పోసి కోడి లేచినప్పుడు అందులో పొర్లనివ్వండి. మరీ ఎక్కువగా ఉంటే పశువుల డాక్టరు చెప్పిన పొడి, ఆయన చెప్పిన మోతాదులోనే వాడండి. పొలానికి కొట్టే మందులు కోడి మీద చల్లి, అది కూర్చున్న గుడ్లనూ పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది.

మీ మేనమామగారు ముందే చోటు సిద్ధం చేసి ఉంచాలి. దీనికి ఫోన్‌లో ఒకసారి చెప్తే సరిపోదు, ఆయనకు ఈ మాటలు చదివి వినిపించండి. ఇతర కోళ్ళు రాని గది కావాలి. సిమెంటు రేకుల షెడ్డు వద్దు, ఏప్రిల్ మధ్యాహ్నం రేకు కింద వేడికి గుడ్లు కోడి కిందే ఉడికినంత పనవుతుంది. పెంకుటింటి వసారాలో మూల, ధాన్యం కొట్టు, చెట్టు నీడన ఉన్న గోడ గది ఏదైనా మంచిదే. గంప అడుగు 35 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పు, అంచు ఒక జానెడు ఎత్తు ఉంటే చాలు. అడుగున నాలుగు వేళ్ళ మందాన ఇసుక పోసి, మధ్యలో పళ్ళెంలా లోతు చెయ్యాలి. లోతు మరీ ఎక్కువైతే గుడ్లు ఒకదాని మీదొకటి ఎక్కి పగులుతాయి, తక్కువైతే దొర్లిపోతాయి. దాని మీద నలిపిన వరిగడ్డి. ఇసుకను వేసవిలో రెండు రోజులకొకసారి పక్కనుంచి కొంచెం తడిపితే కింద చల్లగా ఉంటుంది, గుడ్డు లోపలి తేమ కూడా మరీ ఎండిపోదు.

ఇక ప్రయాణం రోజు. సాయంత్రం ఐదింటికి కోడిని లేపి తిననివ్వండి, నీళ్ళు తాగనివ్వండి, రెట్ట వెయ్యనివ్వండి. పొదుగుడు కోడి రోజంతా ఆపుకుని ఒకేసారి వేస్తుంది. లావుగా, కంపు కొడుతూ ఉంటుంది, అది జబ్బు కాదు. ఇక్కడ వెయ్యకపోతే పెట్టెలో వేస్తుంది. తిరిగి కూర్చున్నాక చీకటి పడనివ్వండి.

ఎత్తేటప్పుడు తొందర వద్దు. రెండు చేతులు మెల్లగా రెక్కల కిందికి పోనిచ్చి, ఒక్కో రెక్కనూ కొంచెం ఎత్తి తడిమి చూడండి. తరచూ ఒకటో రెండో గుడ్లు రెక్కకూ ఒంటికీ మధ్య ఇరుక్కుని ఉంటాయి. చూడకుండా ఎత్తితే అడుగు ఎత్తు లేచాక అవి జారి మిగతావాటి మీద పడతాయి. ఒక్క పడటంతో మూడు గుడ్లు పోతాయి. కోడి గొంతులో గురగురమంటుంది, ఈకలు నిక్కబొడుచుకుంటుంది, పొడుస్తుంది కూడా. పొడవనివ్వండి. అంత కోపం ఉన్న కోడి గుడ్లను వదలదని అర్థం. పొడుస్తుందనుకుంటే పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

కోడినీ గుడ్లనూ ఒకే పెట్టెలో పెట్టొద్దు. కారు కుదిపినప్పుడల్లా అది నిలదొక్కుకోవడానికి కాళ్ళు ఊని గుడ్లు తొక్కుతుంది. అది నిలబడి తిరగగలిగేంత అట్టపెట్టె తీసుకుని, పై భాగాన రెండు వైపులా వేలు పట్టేంత రంధ్రాలు పది పన్నెండు చేసి, అడుగున గోనెసంచి మడిచి వెయ్యండి. నున్నటి అట్ట మీద కాళ్ళు జారతాయి. కాళ్ళు కట్టి తలకిందులుగా పట్టుకెళ్ళడం మనకు అలవాటైపోయింది గానీ, అది మానాల్సిన అలవాటు. కోడికి మనలా ఛాతీకీ పొట్టకూ మధ్య గట్టి పొర ఉండదు, తలకిందులైతే పేగుల బరువంతా గాలి తిత్తుల మీద పడి ఊపిరాడదు. జంతువులను బాధపెట్టేలా మోసుకెళ్ళడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. రెండో పెట్టనూ పుంజునూ వేరే పెట్టెల్లో పెట్టండి.

గుడ్లకు మూతున్న థర్మోకోల్ డబ్బా మేలు. మూతకు పెన్ను పట్టేంత రంధ్రాలు నాలుగు చేసి, ఆరిన ఊక పోసి, గుడ్లను సన్న చివర కిందికి, లావు చివర పైకి వచ్చేలా నిలబెట్టండి. లావు వైపే గాలి గది ఉంటుంది, అది పైన ఉంటే కుదుపుకి చెదరదు. ఒకదానికొకటి తగలకూడదు. పైన మెత్తటి తువ్వాలు. అరలీటరు సీసాలు రెండింటిలో పసిపిల్లల స్నానానికి పట్టే పాటి వేడి నీళ్ళు, అంటే 40 డిగ్రీల లోపు, పోసి గుడ్డ చుట్టి రెండు చివర్లా పెట్టొచ్చు. గుడ్లకు తాకకూడదు. డబ్బాలో డిజిటల్ థర్మామీటరు తీగ పెట్టుకుంటే మంచిది. థర్మామీటరు లేదు, నీళ్ళ వేడి నమ్మకంగా తెలియదు అంటే సీసాలు అసలు పెట్టకండి. చుట్టి ఉంచిన గుడ్లు మార్చి రాత్రి మూడు గంటలు ఆగగలవు, మసిలే సీసా పక్కన అరగంట ఆగలేవు. డబ్బాను డిక్కీలో కాదు, ఒకరు ఒళ్ళో పెట్టుకోవాలి. మనిషి ఒడి కుదుపు మింగినట్టు ఏ స్ప్రింగూ మింగదు. ఏసీ గాలి సూటిగా తగలనివ్వకండి. దారిలో టీకి ఆగితే గుడ్లూ కోడీ కారులో ఒంటరిగా ఉండకూడదు.

చేరాక అసలు పని మొదలవుతుంది. లైట్లు ఆర్పండి. గంపలో ముందు మామూలు కొట్టు గుడ్లు మూడు నాలుగు పెట్టి, వాటి మీద కోడిని కూర్చోబెట్టండి. పైన కోళ్ళ గంప బోర్లించి గోనె కప్పండి, గాలికి ఒక పక్క సందు ఉంచండి. అసలు గుడ్లు డబ్బాలోనే ఉండాలి. గంట తర్వాత చీకట్లోనే చెయ్యి లోపలికి పెట్టి చూడండి. ఒళ్ళు వెడల్పు చేసి గుడ్ల మీదికి ఒత్తుకుంటూ గురగురమంటే కుదురుకున్నట్టే. నిలబడి మెడ చాపి దిక్కులు చూస్తుంటే ఇంకో గంట ఆగండి. కుదురుకున్నాక పిరుదుల వైపు నుంచి రెండేసి చొప్పున మీ గుడ్లు తోసి, కొట్టు గుడ్లు తీసెయ్యండి. మనిషి చెయ్యి తగిలితే కోడి గుడ్డును ఏవగించుకుంటుందన్న మాట నిజం కాదు. సబ్బు, డీజిల్ అంటిన చేతులైతే మాత్రం కడుక్కోండి.

మర్నాడు మధ్యాహ్నం దాకా తెరవొద్దు. తర్వాత గది తలుపు వేసి, పైన బోర్లించిన గంప తీసి, ఎదురుగా గింజలు, నీళ్ళు పెట్టి మీరు పక్కకు తప్పుకోండి. 20 నిమిషాల్లో తనంతట తాను తిరిగి కూర్చుందంటే గండం గడిచినట్టే. అరగంటైనా తలుపు దగ్గరే తచ్చాడుతుంటే పట్టుకుని కూర్చోబెట్టి మళ్ళీ కప్పేయండి. మూడు రోజులు ఇలాగే చెయ్యాలి. ఆ తర్వాత కొత్త చోటు దానికి తన చోటైపోతుంది.

ఒకవేళ ఎంత చేసినా కూర్చోలేదనుకోండి. అందుకే మేనమామగారి ఊళ్ళో ఇంకెవరింట్లో పొదుగుడు కోడి ఉందో ముందే వాకబు చేసి ఉంచండి. దొరకడం మునుపటంత తేలిక కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వృద్ధి చేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు ఊళ్ళల్లో పెరిగాక పొదిగే పెట్టలు తగ్గాయి, అవి గుడ్లు బాగా పెడతాయి గానీ పొదుగుకు కూర్చోవడం అరుదు. మీ నాటుపెట్ట విలువ అక్కడే తెలుస్తుంది. ఇంక్యుబేటర్ దొరికితే, గాలి ఫ్యాన్ ఉన్నదైతే 37.5 డిగ్రీలు, తేమ 50 నుంచి 55 శాతం, 18వ రోజు దాకా రోజుకు కనీసం మూడుసార్లు తిప్పాలి. ఆ తర్వాత తిప్పడం ఆపి తేమ 65 దాటించాలి. అట్టపెట్టెలో బల్బు వేలాడదీయడం చివరి దారి. అది ఒక పక్క కాలుస్తుంది, ఒక పక్క చల్లగా వదిలేస్తుంది. రాత్రంతా గుడ్లు చల్లబడిపోయినా వెంటనే పారెయ్యకండి. వేడి అందించి నాలుగు రోజుల తర్వాత టార్చిలో చూసి నిర్ణయించండి. బతికినవి ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పగులుతాయి.

మిగిలిన రోజుల్లో కోడికి రోజుకు గుప్పెడున్నర జొన్నలో ధాన్యమో చాలు, నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. గంపను కాళ్ళున్న పొట్టి పీట మీద ఉంచి, ఆ కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టి చీమలను ఆపండి. పిల్ల పెంకు పగలగొట్టే వేళ ఆ తడి వాసనకు ఎర్రచీమలు వరస కట్టి వస్తాయి, తల్లి ఏమీ చెయ్యలేదు. జెర్రిపోతులు, పందికొక్కులు దూరకుండా కిటికీకి అర అంగుళం కన్నాల జాలీ కొట్టండి. మామూలు కోళ్ళ జాలీ కన్నాల్లోంచి పాము సులువుగా వస్తుంది. ఉరుములకు గుడ్లు మురుగుతాయని ఇనుప మేకు పెడతారు, అది ఉన్నంతలో నష్టం లేదు. కానీ వేసవి వానల ముందు గుడ్లు మురిగేది ఉక్కకు. కోడి నోరు తెరిచి ఎగశ్వాస పోస్తుంటే కిటికీకి తడిగోనె కట్టండి.

మీ కోళ్ళను ఆ ఊరి కోళ్ళతో మూడు వారాలు కలపొద్దు. పైకి బాగున్న కోడి కూడా కొక్కెర తెగులు మోసుకెళ్ళగలదు, అక్కణ్ణుంచి తెచ్చుకోనూగలదు. బయల్దేరే ముందు రెండు చోట్లా పశువైద్యశాలలో ఒక మాట అడగండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు వ్యాధి చోటు చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిఘా పెట్టారు. అలాంటి సమయమైతే కోడిని కదపడమే తప్పు.

18వ రోజు నుంచి గుడ్లను ముట్టొద్దు. పెంకుకు చిల్లు పడ్డాక పిల్ల బయటికి రావడానికి ఒక పగలూ రాత్రీ పట్టొచ్చు. ఆలస్యమవుతోందని పెంకు వలిస్తే లోపలి రక్తనాళాలు తెగి పిల్ల చనిపోతుంది. పొట్టలో మిగిలిన పచ్చసొన రెండు రోజులకు సరిపోతుంది కాబట్టి మేతకు తొందరేమీ లేదు. ముందు మూకుడులో గులకరాళ్ళు వేసి కొంచెం నీళ్ళు పెట్టండి. తర్వాత చిక్ స్టార్టర్ దాణా. నూకలు ఒక్కటే పెడితే కడుపు నిండుతుంది గానీ ఒళ్ళు పెరగదు. చెదలు దొరికితే పిల్లలు ప్రాణంగా తింటాయి. వారం లోపు కొక్కెర తెగులు రాకుండా వేసే లసోటా టీకా చుక్క వేయించండి. 23వ రోజు దాటినా పగలని గుడ్లను చెవి దగ్గర పెట్టి వినండి, టార్చిలో చూడండి. చప్పుడు, కదలిక లేకపోతే ఊపకుండా తీసుకెళ్ళి, కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యిలో పూడ్చెయ్యండి. మురిగిన గుడ్డు చేతిలోనే పేలుతుంది, ముఖానికి దూరంగా పట్టుకోండి.